పని చేయనివాళ్ల పేరు పరిశోధన పేపర్‌లో పెట్టమంటే?

ప్రశ్న: థీసిస్ డేటా అంతా నేనే సేకరించాను, డ్రాఫ్టూ నేనే రాశాను, గైడ్ గారు దిద్దారు. ఇప్పుడు దాన్ని జర్నల్‌కు పేపర్‌గా పంపుదామంటే, హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గారు తన పేరూ, తన స్నేహితుడి పేరూ రచయితల్లో చేర్చమంటున్నారు. ఆ స్నేహితుడు ఒక్క కేస్ షీటు కూడా తిరగేయలేదు. కాదంటే పరీక్షల్లో ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) నియమాల ప్రకారం రచయితగా పేరుండాలంటే నాలుగు షరతులూ తీరాలి. రూపకల్పనలోనో, డేటా సేకరణ, విశ్లేషణల్లోనో గట్టి పాత్ర ఉండాలి, రాయడమో విషయం లోతుగా దిద్దడమో చేయాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, మొత్తం పనికి జవాబుదారీగా నిలబడాలి. పదవి ఉన్నంత మాత్రాన చాలదు. అలాంటివాళ్లకు కృతజ్ఞతల్లో చోటివ్వండి.

జవాబు 2: రూల్ సరే, హెచ్‌ఓడీ ఎదురుగా నిలబడి అది చదివి వినిపించడం పీజీకి అయ్యే పని కాదండీ. ముందు గైడ్‌తో మాట్లాడండి. చాలా జర్నళ్లు ఎవరెవరు ఏం చేశారో రాయమంటాయి కదా, ఆ ఫారం తీసుకెళ్లి "సర్, మీ పేరు పక్కన ఏం రాయమంటారు?" అని మర్యాదగా అడగండి. మెయిళ్లు, పాత డ్రాఫ్టులు దాచుకోండి.

జవాబు 3: పేరే కదా, పోనీలే అనుకోవద్దు, పేరుతోపాటు జవాబుదారీతనమూ వస్తుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాను ఆటిజంతో ముడిపెట్టిన, 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చిన పేపర్‌లో 13 మంది రచయితలున్నారు. 2004లో 10 మంది ఆ వ్యాఖ్యానాన్ని వెనక్కి తీసుకున్నారు, 2010లో జర్నల్ పేపర్‌నే ఉపసంహరించింది. ఈ సంగతి మీ హెచ్‌ఓడీ గారికీ చెప్పి చూడండి.