‘పొంతన లేని ఫలితాలు’ అన్న మాట ఎక్కడ నప్పుతుంది?

ప్రశ్న: జన్యు వ్యక్తీకరణను (ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందో) విశ్లేషించే సాఫ్ట్‌వేర్ గురించి విద్యార్థులకు తెలుగులో కరదీపిక రాస్తున్నాను. ఒకే ప్రయోగానికి వేర్వేరు ఫలితాలు వచ్చే సందర్భాలన్నిటికీ ‘పొంతన లేని ఫలితాలు’ అంటే సరిపోతుందా?

సమాధానం: అన్నిటికీ సరిపోదండి. పొంతన రెంటి మధ్య చూసేది. ఒక్క జాతకంతో పొంతన చూడలేం. కాబట్టి ఒకే లెక్కల పట్టికను (ఏ నమూనాలో ఏ జన్యువుకు ఎన్ని రీడ్లు, అంటే యంత్రం చదివిన ముక్కలు, వచ్చాయో చూపేది) డీఈసెక్2, ఎడ్జ్ఆర్ అనే రెండు విశ్లేషణ సాఫ్ట్‌వేర్లకూ ఇచ్చినప్పుడు, వ్యక్తీకరణ మారిందని అవి చూపే జన్యువుల జాబితాలు కలవకపోతే ఆ మాట చక్కగా నప్పుతుంది. నమూనాల మధ్య రీడ్ల సంఖ్యలో ఉండే హెచ్చుతగ్గులను ఆ రెండూ వేర్వేరు పద్ధతుల్లో సరిచేస్తాయి గనుక కొంత తేడా సహజమే. మరీ ఎక్కువైతే మాత్రం ముందు పట్టికనే అనుమానించాలి. రెండింటికీ కావలసినవి ముడి లెక్కలు. అప్పటికే సరిచేసిన టీపీఎం (పది లక్షల ట్రాన్స్‌క్రిప్టులకు ఇన్ని అని చూపే) విలువలను, డీఈసెక్2 దశాంశాలను ఒప్పుకోదని పూర్ణాంకాలుగా మార్చి మరీ ఎక్కించేవారున్నారు.

అదే సాఫ్ట్‌వేర్, అదే డేటా, అయినా నిన్నటి పి-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే సంభావ్యత) ఇవాళ రాకపోతే అది ‘నిలకడ లేని’ ఫలితం. జన్యు సమూహాల విశ్లేషణలో యాదృచ్ఛికంగా కలగలిపే అంచె ఒకటుంటుంది. ఆ కలగలుపుకు మొదలుగా ఇచ్చే సీడ్ సంఖ్యను ఒకటే ఉంచితే నిలకడ వస్తుంది.

కరదీపికలో ఎక్కువ చోటివ్వవలసింది ‘తారుమారు’కు, అంటే పెరిగింది తగ్గినట్టు కనిపించే ఫలితాలకు. ఈ సాఫ్ట్‌వేర్లు నడిచే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష, మనం వేరే చెప్పకపోతే, ఆంగ్ల అక్షరక్రమంలో ముందు వచ్చే వర్గాన్ని పోలికకు ఆధారంగా తీసుకుంటుంది. మందు ఇచ్చిన కణాలకు ‘డ్రగ్’ అనీ, ఇవ్వనివాటికి ‘అన్‌ట్రీటెడ్’ అనీ పేరు పెడితే, యు కన్నా డి ముందుంది గనుక, మందు వర్గమే ఆధారమై కూర్చుంటుంది. మందు వల్ల రెట్టింపైన జన్యువుకు లాగ్2 విలువ (ఎన్ని రెట్లు మారిందో చూపే లాగరిథమ్; రెట్టింపైతే +1, సగమైతే −1) +1 రావలసిన చోట −1 వస్తుంది. (తెలుగు అకారాది క్రమమైతే ఈ చిక్కు తప్పేది!) పి-విలువలు మారవు గనుక పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. విశ్లేషణ నడపకముందే ‘రీలెవెల్’ ఆదేశంతో ఆధార వర్గాన్ని చెప్పడమే దీనికి విరుగుడు.

ప్రశ్న: ఎక్సెల్‌లో తెరిచాక కొన్ని జన్యువులు జాబితాలో దొరకకపోతే ఏమనాలి?

సమాధానం: ‘గల్లంతు’ అనండి. సెప్ట్2 అన్న జన్యువు పేరును ఎక్సెల్ సెప్టెంబరు 2వ తేదీగా మార్చేస్తుంది. ఇలాంటి పేర్లను మార్చినట్లు మానవ జన్యు నామకరణ సంఘం 2020లో వెలువరించిన మార్గదర్శకాల్లో చెప్పింది. సెప్ట్2 ఇప్పుడు సెప్టిన్2. పాత పట్టికలకు ఆ రక్షణ లేదు గనుక, వాటిని తెరిచేటప్పుడు ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’గా దిగుమతి చేసుకొమ్మని కూడా రాయండి.