అప్‌డేట్: పత్తిచేను గట్టు మీది పసుపు పువ్వు ఆవ కాదు, కుక్కవామింట

దేవరకొండ దగ్గర మా చేను గట్టు మీద నాలుగు రేకుల పసుపు పువ్వు ఏమిటని పోయిన నెల అడిగాను. అమ్మ ఆ గింజల్ని ఆవాలనుకుని దాచిపెట్టడంతో టెన్షన్ పడ్డాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ముఖ్యంగా "రేకులు వదిలేసి కేసరాలు లెక్కపెట్టమ్మా" అన్న అన్నకు.

ఆ మాటే పనిచేసింది. ఆవ పువ్వులో కేసరాలు (పువ్వు మధ్యలో పుప్పొడి మోసే సన్నటి పోగులు) ఆరే: నాలుగు పొడుగు, రెండు పొట్టి. పొద్దున్నే మూడు పువ్వులు కోసి, భూతద్దం కింద పెట్టి సూదిమొనతో ఒక్కొక్కటీ పక్కకి జరుపుతూ లెక్కపెట్టాను. పదహారు, పద్దెనిమిది, పదిహేడు! రేకులు కూడా ఆవలో లాగా నలుదిక్కులకీ విచ్చుకోలేదు, నాలుగూ పైవైపుకే ఒరిగి ఉన్నాయి. కాండం, కాయ పట్టుకుంటే వేళ్లకు జిగురు, ఘాటు వాసన. ఆకు మూడు నుంచి ఐదు చిన్నాకులుగా చీలి ఉంది.

మొక్కను వేళ్లతో సహా పేపర్లో చుట్టి డిగ్రీ కాలేజీ బోటనీ మేడంకి చూపించాను. చూడగానే కుక్కవామింట అన్నారు. శాస్త్రీయ నామం క్లియోమ్ విస్కోసా. తెల్లపూల వామింటకి కేసరాలు ఆరే ఉంటాయి, కాబట్టి అదీ కాదు.

మొక్కల్ని గుర్తుపట్టే ఫోన్ యాప్ అయితే రెండుసార్లు ఆవ అనే చెప్పింది. ఆ గింజలు అమ్మ పోపుడబ్బాలోకి వెళ్లకముందే తీసేశాం.