ఈ నెల యాక్సిడెంట్లు తగ్గాయంటే నిజంగా తగ్గినట్టేనా?

హయత్‌నగర్_వైపు:

అందరికీ నమస్తే. మేం హైదరాబాద్‌లో విజయవాడ హైవే మీద, వనస్థలిపురం దాటాక ఉంటాం. ప్రతి నెలా మొదటి వారంలో పేపర్ సిటీ పేజీలో ఒక వార్త కనిపిస్తుంది, "గత నెలతో పోలిస్తే రోడ్డు ప్రమాదాలు తగ్గాయి" అని, లేదంటే "పెరిగాయి" అని, పక్కన ఓ బాణం గుర్తు. తగ్గినా పెరిగినా మా కాలనీ ముందు రోడ్డు దాటడం మాత్రం ఒకటే టెన్షన్. డివైడర్ మీది గ్రిల్‌లో రెండు ఊచలు ఎవరో వంచేశారు, మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు. స్కూలు పిల్లలు ముందు బ్యాగు అవతలికి విసిరి తర్వాత వాళ్ళు దూరతారు. పెద్దవాళ్ళు కూరగాయల సంచీ గ్రిల్ పైనుంచి అందించుకుంటారు. ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉంది గానీ అక్కడిదాకా నడిచి, మెట్లెక్కి, దిగి, మళ్ళీ వెనక్కి రావాలంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళ వల్ల కాదు.

ఇక్కడ పెలికాన్ సిగ్నల్ (నడిచేవాళ్ళు బటన్ నొక్కితే బండ్లు ఆగే సిగ్నల్) పెట్టమని అర్జీ ఇద్దామని కాలనీ అసోసియేషన్‌లో అనుకున్నాం. ఒకాయన "నెలవారీ లెక్కలు తీసి గ్రాఫ్ వేసి చూపిద్దాం, కాదనలేరు" అంటారు. ఇంకొకాయన "వాళ్ళే తగ్గాయని చెప్తుంటే మన గ్రాఫ్ ఎవరు చూస్తారు" అంటారు. ఇంతకీ ఈ నెలవారీ లెక్కల్ని ఎంతవరకు నమ్మొచ్చు? మా జంక్షన్ లెక్కలు విడిగా ఎక్కడైనా దొరుకుతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల_పిచ్చోడు:

రెండో ఆయన భయం అనవసరం, అలాగని మొదటి ఆయన గ్రాఫ్ కూడా పనికిరాదు.

ఒక ఊళ్ళో నెలకు సగటున 25 మంది రోడ్డు మీద చనిపోతున్నారనుకోండి (ఇది ఊరికే ఉదాహరణ, ఏ ఊరి లెక్కా కాదు). రోడ్లు అవే, బండ్లు అవే, పోలీసులు అంతే మంది, ఏదీ మారలేదు. అయినా ఒక నెల 30 వస్తుంది, ఇంకో నెల 22 వస్తుంది, అప్పుడప్పుడు 17 కూడా రావచ్చు. ఇంత చిన్న సంఖ్యలు వాటంతట అవే అలా ఊగుతుంటాయి. 30 నుంచి 22కి వస్తే పేపర్లో "27 శాతం తగ్గుదల" అని హెడ్డింగ్ పడుతుంది, ఆఫీసర్లు స్పెషల్ డ్రైవ్ ఫలితం అంటారు. మరుసటి నెల మళ్ళీ 29 వస్తే "వాహనదారుల నిర్లక్ష్యం" అంటారు. నిజానికి రెండు నెలల్లోనూ జరిగింది ఒకటే.

అందుకే పన్నెండు నెలల మొత్తం చూడాలి. ప్రతి నెలా కొత్త నెల కలిపి, పాత నెల తీసేసి, మొత్తాన్ని అలా జరుపుకుంటూ పోవాలి. పై ఉదాహరణలో అది 300 అవుతుంది, మామూలుగా ఊగేది ఆరు శాతం అటూ ఇటూ. అది 240కి పడిందంటే నిజంగానే ఏదో మారిందని అర్థం.

ఇంకో తమాషా, ఫిబ్రవరి. 31 రోజుల జనవరి తర్వాత 28 రోజుల నెల వస్తే, ఎవరూ ఏమీ చేయకుండానే దాదాపు 10 శాతం తగ్గుతుంది. దానికీ క్రెడిట్ తీసుకునేవాళ్ళున్నారు.

సీజన్ కూడా చూసుకోవాలి. దేశం మొత్తం లెక్కల్లో మే, జూన్ నెలలు మామూలుగా ఎక్కువ చూపిస్తాయి, ఆగస్టు, సెప్టెంబరు తక్కువ. వానాకాలంలో ఎక్కువ అవుతాయనుకుంటాం కదా, కేంద్ర రవాణా శాఖ ఏటా వేసే నివేదిక చూస్తే ఎక్కువ ప్రమాదాలు ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు, వంపులు లేని తిన్నని రోడ్డు మీదే. వాన పడితే గుద్దుకోవడాలు ఉంటాయి గానీ ట్రాఫిక్ నత్తనడక నడుస్తుంది కాబట్టి ప్రాణం పోయేంత దెబ్బలు తక్కువ. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదం ముప్పు 4 శాతం పెరుగుతుంది. రోడ్డు ఖాళీగా, పొడిగా ఉన్నప్పుడే మనం చచ్చేది.

సంక్రాంతికి సిటీ ఖాళీ అవుతుంది, సిటీ లెక్క తగ్గుతుంది. ఆ బండ్లన్నీ మీ ఇంటి ముందు నుంచే చిట్యాల, సూర్యాపేట వైపు పోతాయి, ఏదైనా జరిగితే ఆ జిల్లాల ఖాతాలో పడుతుంది. హైదరాబాద్ నెల లెక్క మాత్రం చక్కగా కనబడుతుంది. కాబట్టి జనవరిని డిసెంబరుతో కాకుండా పోయిన జనవరితో పోల్చాలి. అందులోనూ 2020లాంటి ఏడాది అడ్డొస్తే అంతే సంగతులు. దేశం మొత్తంలో 2019లో 1,51,113 మంది చనిపోతే లాక్‌డౌన్ ఏడాది 1,31,714, 2021లో మళ్ళీ 1,53,972. 2020తో పోల్చి "పెరుగుదల శాతం" చెప్పినవాడిని నమ్మకండి.

చలానా_బాధితుడు:

ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి బాస్. తెలంగాణలో 2022లో టూవీలర్ చలానాల మీద 75 శాతం డిస్కౌంట్, 2023 డిసెంబరులో 80 శాతం డిస్కౌంట్. దసరా సేల్ కూడా ఇంత బాగుండదు. జనం ఇప్పుడు చలానా కట్టకుండా తర్వాతి ఆఫర్ కోసం ఎదురుచూస్తున్నారు. ఇక భయం ఎక్కడిది?

రిటైర్డ్_హెచ్‌సీ:

పైన మాస్టారు చెప్పింది పేపర్ మీది లెక్క. ఆ అంకె స్టేషన్లో ఎలా పుడుతుందో నేను చెప్తాను, చాలా ఏళ్ళు రైటర్‌గా, అంటే స్టేషన్ రికార్డులు రాసే పని చేశాను.

యాక్సిడెంట్ అయిన రోజు దెబ్బలు తగిలిన కేసుగా ఎఫ్‌ఐఆర్ అవుతుంది. మనిషి గాంధీలోనో ఉస్మానియాలోనో పదిహేను రోజులు ఉండి పోతాడు. అప్పుడు ఆసుపత్రి నుంచి డెత్ ఇంటిమేషన్ వస్తుంది, మేం కోర్టుకి సెక్షన్ ఆల్టరేషన్ మెమో వేస్తాం, దెబ్బల కేసు కాస్తా మరణం కేసు అవుతుంది. పాత చట్టం ఐపీసీలో సెక్షన్ 304ఏ, 2024 జూలై నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో సెక్షన్ 106. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు చనిపోతే రోడ్డు మరణంగానే లెక్క. అంటే అక్టోబరు నెల అసలు లెక్క నవంబరు నెలాఖరుకి గానీ తేలదు. నవంబరు మొదటి వారంలో పేపర్‌కి ఇచ్చే అంకె ఎప్పుడూ పచ్చిదే. పోయిన నెల పచ్చి అంకెని అంతకుముందు నెల పండిన అంకెతో పోలిస్తే తగ్గినట్టు కనబడే అవకాశం ఎక్కువ. ఇందులో ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు.

రెండోది, దెబ్బల కేసులు సగం మా దాకా రావు. రోడ్డు పక్కనే రాజీ. "ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంటా, కేసు వద్దు" అంటాడు, వీళ్ళూ సరే అంటారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కావాలంటే మాత్రం వారం తర్వాత పరిగెత్తుకొస్తారు, ఎఫ్‌ఐఆర్ లేనిదే పని కాదు కాబట్టి. అందుకే "మొత్తం యాక్సిడెంట్లు" అనే అంకెని పెద్దగా పట్టించుకోకండి. మరణాలు చూడండి, శవాన్ని దాచలేరు కాబట్టి ఆ లెక్క గట్టిది. డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులైతే మేం ఎన్ని రాత్రులు మిషన్ పట్టుకుని నిలబడితే అన్ని. అవి మా పని లెక్క, తాగినవాళ్ళ లెక్క కాదు.

ఇంకోటి, హద్దులు. 2016లో సైబరాబాద్‌ని విడగొట్టి రాచకొండ చేశారు. ఆ తర్వాత కూడా స్టేషన్లు, జోన్లు అటూ ఇటూ మారాయి. "సిటీలో తగ్గాయి" అన్నప్పుడు ఏ సిటీ అని అడగండి. కమిషనరేటా, జీహెచ్‌ఎంసీనా, మధ్యలో గీత ఏమైనా జరిగిందా? మీ రోడ్డు మీద ఒక స్టేషన్ హద్దు ఎక్కడ ముగుస్తుందో, పక్క స్టేషన్ ఎక్కడ మొదలవుతుందో కూడా ముందే కనుక్కోండి. జంక్షన్ సరిగ్గా హద్దు మీద ఉంటే సగం కేసులు ఒకచోట, సగం ఇంకోచోట ఉంటాయి, ఎవరి లెక్కలోనూ అది ప్రమాదకర స్థలంగా కనబడదు.

బండి_మీదే_బతుకు:

నేను రోజూ ఆ రోడ్డు మీదే బైక్ ట్యాక్సీ నడుపుతా అన్నా. అసలు సంగతి యూటర్న్‌ల దగ్గరుంది. సిగ్నల్ తీసేసి యూటర్న్ పెట్టారు, కార్లకి బాగుంది. కానీ ఎదురుగా ఉన్న సందులోకి పోవాలంటే బైక్‌వాడు అంత దూరం పోయి తిరిగి రావాలి. పోడు. రాంగ్ రూట్‌లో అంచున వస్తాడు, లైటు కూడా వెయ్యడు. మీ కాలనీవాళ్ళు బ్రిడ్జి ఎందుకు ఎక్కరో వీడూ అందుకే తిరిగి రాడు, ఇద్దరికీ దూరమే సమస్య. రాంగ్ రూట్‌కి హైదరాబాద్‌లో రెండు వేలు ఫైన్ అని 2024 నవంబరులో డ్రైవ్ పెట్టారు, పోలీసాయన నిలబడినన్ని రోజులు బాగానే ఉంది.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది చాలా డేంజర్. పూర్తి చీకటి పడకముందు అసలు ఏమీ కనబడదు, బస్సు దిగినవాళ్ళు బస్సు ముందు నుంచే రోడ్డు దాటేస్తారు. టిప్పర్లు మలుపులో మట్టి రాలుస్తాయి, పొద్దున అది ఎండి సన్నటి ఇసకలా ఉంటుంది, ముందు బ్రేకు పట్టామా బండి వెళ్ళిపోయినట్టే. ఇవేవీ నెల లెక్కల్లో ఉండవు, అన్నింటికీ కారణం "ఓవర్ స్పీడ్" అని రాసేస్తారు.

లెక్కల_పిచ్చోడు:

@బండి_మీదే_బతుకు నూటికి నూరు పాళ్ళు. 2022 కేంద్ర నివేదికలో మరణాల్లో 71 శాతం ఓవర్ స్పీడ్ ఖాతాలోనే ఉన్నాయి. స్పీడ్ పెద్ద కారణమే, కాదనను, కానీ ఎఫ్‌ఐఆర్‌లో "అతివేగంగా, అజాగ్రత్తగా" అనే మాట అచ్చుపోసినట్టు పడుతుంది కాబట్టి గుంత, చీకటి, మట్టి అన్నీ దాని కిందికే పోతాయి. మీరు చెప్పిన ఆరు నుంచి తొమ్మిది కూడా నిజమే, దేశం లెక్కల్లోనూ ప్రమాదాల్లో సుమారు ఐదో వంతు ఆ మూడు గంటల్లోనే. అదే ఏడాది చనిపోయినవాళ్ళలో టూవీలర్ మీద ఉన్నవాళ్ళు దాదాపు 45 శాతం, నడిచిపోయేవాళ్ళు దాదాపు 20 శాతం. ఇద్దరూ కలిసి మూడింట రెండొంతులు, రోడ్లు వేసేది మాత్రం మిగతావాళ్ళ కోసం.

జెర్సీ_సిటీ_తెలుగోడు:

ఇక్కడ అమెరికాలో మా పక్క ఊరు హోబోకెన్ గురించి చెప్పాలనిపించింది. మనవాళ్ళు చాలామంది ఉంటారు ఈ చుట్టుపక్కల. అక్కడ 2017 జనవరి తర్వాత ఏడెనిమిదేళ్ళ పాటు రోడ్డు మీద ఒక్క మరణం కూడా లేదు. పెద్ద టెక్నాలజీ ఏం కాదు, మలుపుకి దగ్గర్లో కారు పార్క్ చెయ్యకుండా ప్లాస్టిక్ స్తంభాలు పాతారు, దాంతో దాటేవాడు డ్రైవర్‌కి, డ్రైవర్ దాటేవాడికి కనబడతారు. ఊరంతా 20 మైళ్ళ వేగమే, అంటే గంటకి 32 కిలోమీటర్లు.

చలానా_బాధితుడు:

హోబోకెన్ జనాభా అరవై వేలు. మా దిల్‌సుఖ్‌నగర్‌లో ఆదివారం సాయంత్రం ఫుట్‌పాత్ మీదే అంతమంది ఉంటారు 😄 పైగా అది ఊరి వీధి, ఇది నేషనల్ హైవే. కానీ మలుపు దగ్గర పార్కింగ్ తీసెయ్యడం మాత్రం ఇక్కడా చెయ్యొచ్చు, జంక్షన్‌లో ఆగే షేర్ ఆటోలని యాభై అడుగులు ముందుకి పంపితే చాలు. ఎవరు పంపుతారనేదే ప్రశ్న.

హయత్‌నగర్_వైపు:

అందరికీ థాంక్స్, ఇంత విషయం ఉంటుందనుకోలేదు. అయితే మా జంక్షన్‌కి నెల గ్రాఫ్ వద్దు అంటారు. మరి ఏం పెట్టాలి? ఏడాదికి ఒకరో ఇద్దరో పోతారు, దెబ్బలు తగిలినవాళ్ళు ఎక్కువ. "ఇంత తక్కువ సంఖ్యకి సిగ్నల్ ఇవ్వం" అంటే ఏం చెప్పాలి?

లెక్కల_పిచ్చోడు:

బ్లాక్ స్పాట్, అంటే ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోటు, దాని నిర్వచనం మీకు పనికొస్తుంది. నేషనల్ హైవే మీద సుమారు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్ళు కలిపి, మరణం గానీ తీవ్ర గాయం గానీ అయిన ప్రమాదాలు ఐదు ఉన్నా సరే, లేదా మూడేళ్ళలో పది మంది చనిపోయినా సరే. చూశారా, అందులో నెల అనే మాటే లేదు. తీవ్ర గాయాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఐదు దాటడం కష్టం కాకపోవచ్చు. మీ గ్రిల్ సందుకి అటు 250, ఇటు 250 మీటర్లు కొలుచుకోండి.

గ్రాఫ్‌తో ఎవరూ కదలరు అనేది కూడా నిజం. మన హైదరాబాద్ బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ గుర్తుందా, 2019 నవంబరులో తెరిచిన మూడు వారాలకే పైనుంచి కారు కింద పడి ఒకావిడ చనిపోయారు. వెంటనే మూసేశారు, మార్పులు చేసి 2020 జనవరిలో 40 స్పీడ్ పరిమితితో తెరిచారు. అక్కడ ఏ ట్రెండూ చూడలేదు, ప్రమాదం కళ్ళకి కనబడింది అంతే. మీరూ అలాగే చూపించాలి, ఒక్కో కేసు ఎక్కడ, ఏ టైమ్‌కి, ఎటు దాటుతుంటే జరిగిందో మ్యాప్ మీద చుక్కలు పెట్టండి. చుక్కలన్నీ ఆ సందు దగ్గరే గుంపుగా పడితే మీరేం మాట్లాడక్కర్లేదు.

రిటైర్డ్_హెచ్‌సీ:

ఆ చుక్కల కోసం సమాచార హక్కు చట్టం కింద అప్లికేషన్ పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "యాక్సిడెంట్ల వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఒక మొత్తం అంకె ఇచ్చి ఊరుకుంటారు. ఇలా రాయండి: "ఫలానా చోటు నుంచి ఫలానా చోటు వరకు, గత మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో నమోదైన రోడ్డు ప్రమాద కేసుల్లో, ఒక్కో కేసుకి క్రైమ్ నంబరు, తేదీ, సమయం, స్థలం, మొదట పెట్టిన సెక్షన్, తర్వాత మార్చిన సెక్షన్, బాధితులు పాదచారులా వాహనదారులా, ఫలితం మరణమా తీవ్ర గాయమా స్వల్ప గాయమా." పేర్లు అడగకండి, పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపుతారు. "మార్చిన సెక్షన్" మాత్రం వదలకండి, ఆసుపత్రిలో పోయినవాళ్ళు అందులోనే దొరుకుతారు. హద్దులో రెండు స్టేషన్లుంటే రెండు అప్లికేషన్లు.

జవాబు వచ్చాక అర్జీ ట్రాఫిక్ వాళ్ళకి, హైవే వాళ్ళకి, ఒక కాపీ కలెక్టర్‌కి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. అందరికీ విడివిడిగా ఇచ్చి, విడివిడిగా రసీదు తీసుకోండి, లేకపోతే ఇది మాది కాదు వాళ్ళది అని తిప్పుతారు. సిగ్నల్ వచ్చేలోపు ఆ గ్రిల్ ఊచలు మాత్రం మీరే వెల్డింగ్ చేయించకండి, జనం ఇంకో పది మీటర్ల అవతల, లైటు లేని చోట వంచుతారు. వెల్డింగ్ సిగ్నల్ వచ్చిన రోజే.

హయత్‌నగర్_వైపు:

సరే సార్, ఈ ఆదివారం మీటింగ్‌లో ఇదే చదివి వినిపిస్తా. మాకు రెండు స్టేషన్లేనట, ఇప్పుడే కనుక్కున్నా.