రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో మొదటిసారి ఆడబోతున్నా, ఏమేం చూసుకోవాలి?

పెన్నా_గట్టు (నెల్లూరు)
జనవరిలో కలకత్తాలో పనుంది. అక్కడ మెంబరైన మా బంధువు ఒకాయన గెస్టుగా ఒక రౌండు ఆడిస్తానన్నాడు. నా హ్యాండిక్యాప్ ఇండెక్స్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మంచి ఆటగాడని) 18. అలవాటంతా చెన్నై గిండీ రేస్ కోర్సు లోపలి గోల్ఫ్ కోర్సు మీదే, అది బయలు. కలకత్తాలోనేమో చెట్లూ నీళ్లూ ఎక్కువంట. ఏ కాయితాలు తీసుకెళ్లాలి? చెట్లలో పడితే ఎట్టా బయటపడాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కావలి_ఫెయిర్‌వే
మంచి అవకాశం అన్నా, సిద్ధపడి వెళ్లండి. 1829లో పుట్టిన క్లబ్బు అది. బ్రిటిష్ దీవుల బయట అంతకన్నా పాత గోల్ఫ్ క్లబ్బు లేదు. పేరుకు ముందు ‘రాయల్’ చేరింది 1911లో, ఐదో జార్జి వచ్చినప్పుడు.

టాలీగంజ్‌లోని ఆ నేల మన పెన్నా కింది మాగాణిలాగా చదునుగా, పల్లంగా ఉంటుంది. నీళ్లు నిలవడానికి ఒకదానికొకటి కలిపిన చెరువులు ఫెయిర్‌వేలకు (బంతి కొట్టుకుంటూ పోయే గడ్డి దారులకు) అడ్డంగా ఉంటాయి. వాటిని అక్కడ ‘ట్యాంకులు’ అంటారు. చిక్కు ఎక్కడంటే, నేల చదును కాబట్టి టీ (హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడితే కొన్ని నీళ్లు కంటికి ఆనవు. అందుకని ప్రతి హోల్ దగ్గరా కేడీని (సంచి మోసే మనిషిని) రెండు దూరాలు అడగండి: నీళ్లు మొదలయ్యే ఇవతలి గట్టుకు ఎంత, అవి దాటే అవతలి గట్టుకు ఎంత. మీ మామూలు క్యారీ (బంతి గాల్లో పోయే దూరం) అవతలి గట్టుకన్నా కనీసం 15 గజాలు ఎక్కువుంటేనే దాటించండి. లేదంటే ఇవతలే ఆపండి. మధ్యస్థంగా కొట్టిన బంతే నీళ్లలోకి పోతుంది.

కాయితాల సంగతి: హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ ప్రింటు తీసుకెళ్లండి, ఫోన్లో చూపిస్తే చాలనుకోవద్దు. మీ పేరు, తేదీ, టీ టైము మీ బంధువు ముందే ఆఫీసులో రాయించాలి. ఇట్టాంటి పాత క్లబ్బుల్లో గెస్టు ఫీజు మెంబరు ఖాతాలోనే పడటం మామూలు, ఆ డబ్బు తర్వాత ఆయనకివ్వండి. కేడీకి మాత్రం చిల్లర నోట్లు ఉంచుకోండి. కాలరున్న చొక్కా లోపలికి దోపుకోవాలి. జీన్స్ వద్దు. బూట్లకు మెత్తటి స్పైకులే ఉండాలి.

ఇంకొకటి, బ్లూ టీల జోలికి పోవద్దు. వెనకనుంచి 7,000 గజాల పైమాటే. ఇండెక్స్ 18 అంటే కోర్సు హ్యాండిక్యాప్ (ఆ కోర్సులో మీకు దొరికే అదనపు స్ట్రోకులు) 18 కాదు: ఇండెక్సును స్లోప్‌తో (మంచి ఆటగాడికన్నా మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి, 113తో భాగించి, దానికి కోర్సు రేటింగులోంచి (మంచి ఆటగాడు కొట్టే స్కోరు) పార్ (కోర్సుకు పెట్టిన స్ట్రోకుల లెక్క) తీసేయగా వచ్చింది కలపాలి. ఉదాహరణకు స్లోప్ 130, రేటింగు 73, పార్ 72 అనుకుంటే మీకు 22 వస్తుంది. మీరు ఆడే టీ అంకెలు స్కోరుకార్డు మీద చూసి, మొదటి టీ దగ్గరే లెక్కేసుకోండి.

ఒంగోలు_గిత్త
చెట్ల విషయం నేను చెబుతా. బయలు కోర్సుల్లో అలవాటైనవాళ్లు చేసే తప్పు ఒకటే, కొమ్మల మధ్య సందు కనపడగానే గ్రీన్ (జెండా, గుంత ఉండే నున్నటి గడ్డి) వైపు కొట్టడం. ఒక షాట్ పోయిందనుకుని దగ్గరి ఫెయిర్‌వేకి పక్కకు తియ్యండి.

దానికి 6 లేదా 7 ఐరన్ (ఇనుప తల క్లబ్బు, అంకె తగ్గేకొద్దీ బంతి కిందగా, దూరం పోతుంది) తీసుకుని గ్రిప్ కొంచెం కిందికి పట్టుకోండి. బంతి కుడికాలి వైపు, చేతులు బంతికి ముందు, బరువు ఎడంకాలి మీద 60 శాతం. వెనక్కి సగమే ఎత్తి, కొట్టాక చేతులు నడుము దగ్గరే ఆపెయ్యాలి. బలంగా కొడితే స్పిన్ పెరిగి బంతి పైకి లేచి కొమ్మకు తగులుతుంది, అందుకని నిదానంగా. 4 ఐరన్ ఎందుకు వద్దంటే, అది దొర్లీ దొర్లీ అవతలి చెట్లలోకో ట్యాంకులోకో చేరుతుంది.

రూల్సు కూడా ఇక్కడే కొంప ముంచుతాయి. ప్రాక్టీసు స్వింగులో ఆకులు రాలి మీ స్వింగుకు దారి సులువైతే రెండు స్ట్రోకులు పెనాల్టీ. ఎండుటాకులు తియ్యొచ్చు, కానీ తీసేటప్పుడు బంతి కదిలితే ఒక స్ట్రోకు, బంతి మళ్లీ అక్కడే పెట్టాలి. వెతకడానికి 3 నిమిషాలే. అనుమానం ఉంటే వెతకబోయే ముందే ‘ప్రొవిజనల్’ (మొదటిది దొరక్కపోతే లెక్కకొచ్చే బంతి) అని నోటితో చెప్పి రెండో బంతి కొట్టండి. ‘ఇంకోటి కొడతా’ అంటే చాలదు, మొదటి బంతి పోయినట్టే లెక్క.

పెన్నా_గట్టు (నెల్లూరు)
చాలా సంతోషం అన్నా. నీళ్లలో పడితే పసుపు, ఎరుపు గూటాలకు తేడా ఏంది?

ఒంగోలు_గిత్త
రెంటికీ ఒక స్ట్రోకే. పసుపైతే ముందు కొట్టిన చోటినుంచే మళ్లీ కొట్టాలి, లేదా బంతి గట్టు దాటిన చోటునీ జెండానీ కలిపే గీత మీద నీళ్లకు ఇవతలకొచ్చి డ్రాప్ చెయ్యాలి. ఎరుపైతే వీటితోపాటు మూడోది ఉంది: దాటిన చోటికి రెండు క్లబ్బు పొడవుల లోపల, హోల్‌కి దగ్గర కాకుండా. డ్రాప్ మోకాలి ఎత్తునుంచి, భుజం ఎత్తునుంచి కాదు. జనంలో ఈ పాత అలవాటు ఇంకా పోలేదు.

సింహపురి_పటర్
గ్రీన్ల గురించి ఎవరూ రాయలేదు, నా దృష్టిలో స్కోరు పోయేది అక్కడే. మన వేడి ప్రాంతాల్లో మామూలుగా ఉండే బెర్ముడా గడ్డికి ఒక వాలు ఉంటుంది, దాన్ని ‘గ్రెయిన్’ అంటారు. బంతి వెనక నిలబడి చూస్తే గడ్డి మెరుస్తోందా, గ్రెయిన్ మీకు అనుకూలం, బంతి జారిపోతుంది. ముదురు ఆకుపచ్చగా ఉంటే ఎదురు, గట్టిగా కొట్టాలి. మబ్బుగా ఉండి తెలియకపోతే హోల్ అంచు చూడండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు చిరిగినట్టుగా ఉంటుంది. చిరిగిన వైపుకే గడ్డి వాలి ఉంది. గ్రీన్ పక్కనుంచి చిన్నగా చిప్ చేసేటప్పుడు ఎదురు గ్రెయిన్ అయితే వెడ్జ్ (బంతిని పైకి లేపే క్లబ్బు) ముందంచు గడ్డిలో ఇరుక్కుంటుంది, అక్కడ 8 ఐరన్‌తో పటింగు కొట్టుడే మేలు.

చిన్న ఆటను ఆ కోర్సు ఎంత బాగా నేర్పుతుందో ప్రొఫెషనల్ గోల్ఫర్ ఎస్.ఎస్.పి. చౌరాసియాను చూస్తే తెలుస్తుంది. వాళ్ల నాన్న ఆ క్లబ్బులోనే గ్రీన్‌కీపర్. 2016, 2017 రెండేళ్లూ ఇండియన్ ఓపెన్ ఆయనదే. అందుకే అక్కడి కేడీ మాట వినండి, ముందు వేగం అడిగి, తర్వాత లైను అడగండి.

జనవరిలో పొద్దున్నే మంచు, పొగమంచు ఉంటాయి. తడి గడ్డి మీద పట్ ఆగిపోతుంది, ఫెయిర్‌వేలో దొర్లుడు ఉండదు. వీలైతే టీ టైము 8 దాటాక పెట్టించమనండి. తొందరగా ఆడాల్సొస్తే అప్రోచ్‌కి (గ్రీన్ మీదికి కొట్టే దెబ్బకు) ఒక క్లబ్బు పెద్దది తియ్యండి, గ్లవ్స్ రెండు జతలు, ఒక పొడి తువ్వాలు సంచిలో వేసుకోండి.

పెన్నా_గట్టు (నెల్లూరు)
సర్టిఫికెట్ ఈ వారమే చెన్నై నుంచి తెప్పిస్తా. అందరికీ నమస్కారం.