చంకల్లో దురద: ట్యూబు రాస్తే పోతుంది, మానితే రెట్టింపు

పర్లాకిమిడి టైలరమ్మ:
నాకు 43 ఏళ్ళు. పర్లాకిమిడిలో బ్లౌజులు కుడతాను. రథయాత్ర గిరాకీ రోజుల్లో పొద్దున్న మిషను ముందు కూర్చుంటే రాత్రికి గాని లేవను. చెమటకు జాకెట్టు ఒంటికి అంటుకుపోతుంది. అప్పుడే రెండు చంకల్లో దురద మొదలైంది. చెమటకాయలనుకుని పౌడరు జల్లుకున్నాను, తగ్గలేదు. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజుల్లో మాయం. మానేసిన వారానికి రెట్టింపై వచ్చింది. ఇలా మూడుసార్లు. కొలతలు తీసుకుంటూ చెయ్యి ఎత్తాలంటే సిగ్గుగా ఉంది. మా అబ్బాయి తెచ్చిన స్ప్రే వల్లా? జాకెట్టు రంగు వల్లా?

గుణుపూర్ తమ్ముడు:
అక్కా, నాకైతే అది గజ్జి. పగలు ఫర్వాలేదు, రాత్రి పడుకుంటే నరకం. వేళ్ళ సందుల్లో, బొడ్డు చుట్టూ కూడా పొక్కులు. పిల్లలకీ అంటుకుంది. డాక్టరు పెర్మెత్రిన్ 5 శాతం క్రీము రాశారు. ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకుని పొద్దున్న కడుక్కున్నాం, వారానికి మళ్ళీ రాశాం. మీ ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా?

బరంపురం నర్సమ్మ:
26 ఏళ్ళు నర్సుగా చేశాను తల్లీ. ముందు ఆ ట్యూబు మీద సన్న అక్షరాలు చదువు. క్లోబెటసోల్ అనో బీటామెథసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. తామర మీద రాస్తే ఎరుపు, దురద తగ్గినట్టు కనబడతాయి, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. చంకల్లో చర్మం పలచన, అక్కడ స్టెరాయిడ్ నెలల తరబడి రాస్తే చారలు పడతాయి, అవి పోవు. ఎంతమందిని చూశానో!
స్ప్రే పడకపోతే మంట సాధారణంగా చంక గుంటలోనే ఉంటుంది. బట్ట రంగు పడకపోతే గుంట బాగానే ఉండి, కుట్టు ఒరుసుకునే చుట్టూ అంచున దద్దురు వస్తుంది. నీది ఎక్కడుందో అద్దంలో చూసుకో. గుండ్రంగా, అంచు పొలుసులుగా ఉంటే తామర. స్ప్రే ఎలాగూ ఆపేయ్. చర్మ డాక్టరుకి చూపించు, షుగరు కూడా చూపించుకో. షుగరున్న వాళ్ళకి మడతల్లో ఫంగస్ ఊరికే తిరగబెడుతుంది.

పర్లాకిమిడి టైలరమ్మ:
అమ్మా, ట్యూబు మీద క్లోబెటసోల్ అనే ఉంది! డాక్టరు చర్మం గీకి మైక్రోస్కోపులో చూసి ‘జాదు’ అన్నారు, ఒడియాలో మన తామరే. ఇంట్లో ఎవరికీ లేదు తమ్ముడూ. వేరే క్రీము ఇచ్చారు. మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ మేర రాయమన్నారు, తగ్గాక కూడా రెండు వారాలు మానొద్దన్నారు. పరగడుపు షుగరు 148 వచ్చింది. సోమవారం మళ్ళీ పరీక్ష. నా జాకెట్లు, తువ్వాలు విడిగా ఉతికి మేడ మీద ఎండలో వేస్తున్నాను.

బరంపురం నర్సమ్మ:
రిపోర్టు రాగానే ఇక్కడ రాయి తల్లీ. మిషను దగ్గర ఒక పొడి జాకెట్టు ఉంచుకో, మధ్యాహ్నం మార్చుకో.