ఇల్లంతా సామానుతో నింపేస్తున్న అద్దెదారుతో ఏం చెయ్యాలి?

బలగ డాబా: మాది శ్రీకాకుళం, బలగ. పైన అమ్మానాన్నలతో మేం, కింది వాటాలో రిటైరైన పెద్దాయన, ఒక్కరే. ఆరేళ్లయింది. అద్దె ఒకటో తారీఖుకే ఇచ్చేస్తారు. మొన్న వానలకి గోడ చెమ్మెక్కితే లోపలికెళ్లి చూశాను. గుమ్మం నుంచి మంచం దాకా మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి. మిగతాదంతా పేపర్లు, అట్టపెట్టెలు, పాత ఫ్యాన్లు, నూనె డబ్బాలు. గ్యాస్ పొయ్యికి జానెడు దూరంలో పేపర్ల దొంతర! ముందే కనిపెట్టాల్సింది. రెండేళ్లుగా కిటికీ తియ్యరు, ఎవరొచ్చినా గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడతారు, కుళాయి కారుతున్నా ప్లంబర్‌ని రానివ్వరు. ఖాళీ చేయించడం ఎలా?

నాగావళి గట్టు: లోపలికి ఎలా వెళ్లారు? ఆయన ఉన్నారా, మీ దగ్గరున్న తాళంచెవితో తీశారా?

బలగ డాబా: ఆయన బజారుకెళ్లారు. గోడ మాదే కదండీ.

నాగావళి గట్టు: అద్దె పుచ్చుకున్నాక ఆ గుమ్మం ఆయనది. అడగకుండా వెళ్లడం తప్పు.

కోట కూడలి: కరెంటు తీసెయ్యండి, వారంలో కదులుతారు.

నాగావళి గట్టు: కరెంటు, నీళ్లు ఆపడం చట్టవిరుద్ధం. రాత ఒప్పందం లేని నెలవారీ అద్దెకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల ముందు నోటీసు రాసివ్వాలి. అప్పటికీ కదలకపోతే కోర్టుకే వెళ్లాలి.

కంటోన్మెంట్ చెల్లి: విజయనగరంలో మా ఓనరు మా బాబు గోడమీద గీసిన పెన్సిల్ గీతలకి పదివేల అడ్వాన్సు ఎగ్గొట్టారు. ఓనర్లకి మన సామాను ఎప్పుడూ చెత్తే.

బలగ డాబా: అమ్మా, పెన్సిల్ గీతలకీ దీనికీ ఏం సంబంధం?

వార్డు సిస్టర్: మానసిక విభాగంలో చాలాకాలం పనిచేశాను. ఇలా సామాను పోగెయ్యడం బద్ధకం కాదు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని విడిగా ఒక రుగ్మతగా గుర్తించింది. అంతకుముందు ఓసీడీలో, అంటే వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వచ్చే జబ్బులో, భాగమనుకునేవారు. పారెయ్యాలంటేనే వాళ్లకి ప్రాణం పోయినట్టుంటుంది. ఒక్కరోజులో అంతా ఎత్తి పారేస్తే మనిషి కుంగిపోతాడు, కొన్నాళ్లకి ఇల్లు మళ్లీ నిండుతుంది. ముందు పొయ్యి చుట్టూ, గుమ్మం దారి, స్విచ్ బోర్డు దగ్గర ఖాళీ చేయించండి. ఏది తియ్యాలో ఆయన్నే చెప్పమనండి. మానసిక సమస్యలకి సలహా ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి మీరైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

బలగ డాబా: అవన్నీ నేనెందుకు చెయ్యాలి సిస్టర్? నేను డాక్టర్ని కాను.

నాగావళి గట్టు: తాళం తియ్యడానికి మాత్రం ఓనరు!

బలగ డాబా: ఒక్క తాళం పట్టుకుని ఎన్నిసార్లు అంటారు? మా నాన్నకి పక్షవాతం. కిందికి దిగడానికి ఒకటే మెట్లు, అవీ ఆ వాటా పక్కనుంచే. నిప్పంటుకుంటే నాన్నని ఎవరు మోస్తారు, మీరొస్తారా?

నాగావళి గట్టు: ఎందుకు పట్టుకున్నానో చెప్తాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి వజ్రపుకొత్తూరు దగ్గర మా అమ్మ ఇంటి కప్పు లేచిపోయింది. గిన్నె కూడా మిగల్లేదు. అమ్మని పలాసలో అద్దె ఇంట్లో పెట్టాం. అప్పట్నుంచి సీసా మూత కూడా దాచేది. ఒకరోజు ఆమె మా ఇంటికొచ్చినప్పుడు ఓనరు తన తాళంచెవితో తీసి, అంతా ట్రాక్టర్‌కి ఎత్తించాడు. నాన్న ఫోటో కూడా అందులోనే పోయింది. ఆ ట్రాక్టర్ ఎటెళ్లిందని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

కంటోన్మెంట్ చెల్లి: అయ్యో.

బలగ డాబా: క్షమించండన్నా, తెలీదు. నేనలా చెయ్యను.

వార్డు సిస్టర్: బాబూ, భయం నిప్పు గురించే అయితే పొయ్యి దగ్గర పేపర్లు తీస్తే చాలు. ఖాళీ చెయ్యడం దేనికి?

బలగ డాబా: ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోనెత్తడు. రేపు ఆయనకేమైనా అయితే చూడాల్సింది మేమే. ఇంట్లో ఒక మంచం పట్టిన మనిషి ఉన్నారు, ఇంకొకరిని మొయ్యలేను. అద్దె తీసుకున్నంత మాత్రాన కొడుకునైపోతానా?

నాగావళి గట్టు: కొడుకు కావద్దు. ఆరేళ్లు పక్కనున్న మనిషివి. ఈ స్థితిలో ఆయనకి ఇంకో ఇల్లు ఎవరిస్తారు?

బలగ డాబా: ఆ ప్రశ్న ఆయన కొడుకుని అడగాలి, నన్ను కాదు. ఆదివారం ఆయన్ని అడిగి, ఆయన ఉండగానే వెళ్తాను. పొయ్యి, గుమ్మం, స్విచ్ బోర్డు, అంతవరకే. తర్వాత నోటీసు మాత్రం ఇస్తాను. మూడు నెలలు గడువు పెడతాను.

నాగావళి గట్టు: ముందు ఆ రెండో తాళంచెవి ఆయన చేతికిచ్చెయ్యండి.