ఎల్క్ వేటకు తేలికైన బోల్ట్ యాక్షన్ రైఫిల్: డెన్వర్‌లో ఉన్న మా తమ్ముడికి ఏది మంచిది?

బ్రాడీపేట_అన్న
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా తమ్ముడు డెన్వర్‌లో స్థిరపడ్డాడు, గ్రీన్ కార్డు ఉంది. ఆఫీసు స్నేహితులతో వచ్చే సీజన్‌లో కొలరాడో కొండల్లో ఎల్క్ వేటకు వెళ్తాడట. ఎల్క్ అంటే అక్కడి దుప్పి జాతి, మన కణుజు కంటే పెద్దది. కాలేజీ రోజుల్లో నేను ఎన్‌సీసీలో .22 డీలక్స్ రైఫిల్ పేల్చేవాణ్ణి, అందుకని నన్నే అడిగాడు. కానీ అది చిన్న తూటా, దగ్గర టార్గెట్. ఈ దూరపు వేట లెక్కలు వేరు. పది వేల అడుగుల ఎత్తులో రోజంతా నడవాలి కాబట్టి తేలికగా ఉండాలంటాడు. 500 గజాల దూరం కొట్టాలని కోరిక. స్కోప్‌తో కలిపి 2,000 డాలర్ల లోపు. చూసినవి టిక్కా టీ3ఎక్స్ లైట్, బెర్గారా బీ-14, కింబర్ మౌంటెన్ అసెంట్. తూటా 6.5 క్రీడ్‌మోర్ తీసుకోవాలా, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ తీసుకోవాలా అన్నది ఇంకా తేలలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తెనాలి_వయోమింగ్
అన్నా, నేను ఇక్కడ టిక్కానే వాడుతున్నాను. ఫిన్లాండ్‌లో సాకో వాళ్లు చేస్తారు. ఉత్త రైఫిల్ 2.9 కిలోలు. బోల్ట్ (ప్రతి తూటాకీ చేత్తో ఎత్తి లాగే పిడి) 70 డిగ్రీలు ఎత్తితే చాలు, కాబట్టి స్కోప్‌కి చెయ్యి తగలదు. అంత నున్నగా నడిచే బోల్ట్ ఆ ధరలో నేనింకోటి చూడలేదు. వంద గజాల్లో మూడు తూటాలు ఒక అంగుళంలో పడతాయని కంపెనీయే హామీ ఇస్తుంది. కింబర్ రెండుంపావు కిలోల చుట్టూ ఉంటుంది, నిజంగా ఈక లాంటిదే, కానీ అదొక్కటే మీ బడ్జెట్ మొత్తం తినేస్తుంది. పైగా కొత్తవాళ్ల చేతిలో అంత తేలిక తుపాకి నిలవదు.

బరువు చూసేటప్పుడు అన్నీ కలిపి చూడమనండి. 2.9 కిలోల రైఫిల్ కొని దాని మీద 900 గ్రాముల స్కోప్ బిగించేవాళ్లు ఇక్కడ బోలెడుమంది. రింగులు, స్లింగ్ (భుజం పట్టీ), బైపాడ్ (ముందు పెట్టే రెండు కాళ్ల స్టాండు), మ్యాగజైన్‌లో తూటాలు కలిపితే నాలుగు కిలోలు దాటిపోతుంది. లూపోల్డ్ వీఎక్స్-3హెచ్‌డీ లాంటిది 400 గ్రాముల చుట్టూ ఉంటుంది. పది రెట్ల జూమ్ ఉంటే ఎల్క్‌కి ధారాళంగా సరిపోతుంది.

ఇంకోటి. సన్న బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది. నాలుగో తూటా నుంచి గ్రూపింగ్, అంటే తూటాలు ఒకేచోట పడటం, చెదిరితే రైఫిల్ బాగోలేదని కంగారు పడొద్దు. వేటలో లెక్కకొచ్చేది చల్లటి బ్యారెల్‌తో కొట్టే మొదటి తూటా. జీరోయింగ్‌కి, అంటే ఒక దూరానికి స్కోప్ గురి సరిచేసుకోవడానికి, వెళ్లినప్పుడు మూడు పేల్చి, బోల్ట్ తెరిచి, బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక మళ్లీ మొదలుపెట్టాలి.

పటమట_షూటర్
విజయవాడలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పుతుంటానండి. వేట నా విషయం కాదు, గురి మాత్రం నా విషయమే. తేలికైన తుపాకి మన ఊపిరినీ, గుండె కొట్టుకోవడాన్నీ దాచదు, అన్నీ స్కోప్‌లో కనిపిస్తాయి. టార్గెట్ రైఫిళ్లు అయిదు కిలోల దాకా ఉండేది ఊరికే కాదు. మీ తమ్ముడు బరువు తగ్గించుకోవడం సబబే, కొండెక్కాలి కదా. కానీ తగ్గిన ప్రతి గ్రాముకీ బదులుగా సాధన పెంచుకోవాలి.

బెంచీ మీద ఇసుక సంచులు పెట్టి కొట్టిన గ్రూపింగ్‌ని నమ్మొద్దనండి. బోర్లా పడుకుని బ్యాగు మీద ఆనించి, కూర్చుని మోకాళ్ల మీద మోచేతులు పెట్టి, కర్రల మీద ఆనించి, మూడు రకాలుగానూ కొట్టాలి. ఇంకో పద్ధతి చెప్తాను. మెట్లు గబగబా ఎక్కి దిగి, రొప్పుతూ వచ్చి, ఒక్క నిమిషంలో ఒక్క షాట్. మా పిల్లలతో పోటీల ముందు ఇదే చేయిస్తాను. అలా చేసి ఎంత దూరంలో ఎనిమిది అంగుళాల పళ్లెంలో ప్రతిసారీ పడుతుందో అదే అతని దూరం. 500 అనేది అతను నిర్ణయించేది కాదు, ఆ పళ్లెం చెప్పాలి.

తెనాలి_వయోమింగ్
పటమట గారు చెప్పింది అక్షరాలా నిజం. నాకు తెలిసిన మంచి వేటగాళ్లు ఎక్కువమంది 300 గజాల లోపలే కొడతారు. ఇంకో వంద గజాలు దగ్గరికి పాకడమే వాళ్ల విద్య.

తూటా సంగతికొస్తే, 6.5 క్రీడ్‌మోర్‌ని హార్నడీ 2007లో తెచ్చింది. 143 గ్రెయిన్ల (తొమ్మిది గ్రాముల పైచిలుకు) బుల్లెట్ సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. ఎల్క్‌కి 1,500 అడుగుల-పౌండ్ల శక్తి ఉండాలని ఇక్కడ పెద్దవాళ్ల లెక్క. ఈ తూటాకి ఆ బలం 400 గజాల దగ్గరికొచ్చేసరికి అయిపోతుంది. 200 గజాలకు జీరో చేసి 500లో కొడితే మూడున్నర అడుగులు కిందికి జారుతుంది. గంటకు పది మైళ్ల గాలి అడ్డంగా వీస్తే అడుగుకు పైగా పక్కకు పోతుంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడుగు పైచిలుకు వెడల్పు. గాలిని తప్పుగా అంచనా వేస్తే కడుపులో తగులుతుంది. ఆ జంతువు లోయలోకి దిగిపోయి రాత్రంతా బాధపడి చస్తుంది. అలా చేసే హక్కు ఎవరికీ లేదు.

సాగర్_రోడ్డు
7 ఎంఎం మాగ్నమ్ అయితే ఆ బలం ఇంకా దూరం నిలుస్తుంది కదా? డల్లాస్‌లో ఉన్న మా బావ అదే వాడతాడు.

తెనాలి_వయోమింగ్
నిలుస్తుంది. 1962 నుంచి ఉన్న తూటా, ఎల్క్‌కి పేరున్నది. కానీ మూడు కిలోల రైఫిల్‌లో దాని తన్ను క్రీడ్‌మోర్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు. బట్ (రైఫిల్ వెనక చివర) భుజానికి గట్టిగా ఆనించకుండా, కన్ను స్కోప్‌కి మరీ దగ్గరగా పెట్టి కొడితే స్కోప్ అంచు కనుబొమ్మ చీల్చేస్తుంది. ఆ భయం ఒకసారి పట్టుకుందంటే ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుపోతాయి. మొదటి రైఫిల్‌కి నా ఓటు క్రీడ్‌మోర్‌కే, దూరం 350 గజాల్లో ఆపుకోవాలి. రెండేళ్లు గడిచాక చెయ్యి కుదిరితే మాగ్నమ్ గురించి ఆలోచించొచ్చు.

మీ బావగారు డల్లాస్‌లో జీరో చేసుకుని కొలరాడో వస్తుంటే ఒకమాట చెప్పండి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి బుల్లెట్ తక్కువ జారుతుంది. దూరపు షాట్లు అక్కడికంటే పైన పడతాయి. కొండ కింద క్యాంపులో మళ్లీ పేల్చి చూసుకోవాలి.

హెచ్1బీ_మంగళగిరి
నేను అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నాను. నేను కొనొచ్చా?

తెనాలి_వయోమింగ్
జాగ్రత్త తమ్ముడూ. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం నేరం. ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. టెక్సాస్‌లో సొంతదారు ఒప్పుకుంటే ప్రైవేటు భూమిలో అడవి పందులను కొట్టడానికి 2019 నుంచి లైసెన్సు అక్కర్లేదు. అది విని మనవాళ్లు లైసెన్సు తీసుకోకుండా స్నేహితుడి తుపాకి పట్టుకుంటున్నారు. వీసా మీద ఉన్నవాడికి ఆ లైసెన్సే రక్ష. లాయర్‌ని అడిగాకే అడుగు వేయి. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ బాధ లేదు.

బ్రాడీపేట అన్నా, మీ తమ్ముడికి చెప్పాల్సినవి: కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై ఉండాలి. రైఫిల్ సీజన్‌లో 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు పైబట్ట, టోపీ తప్పనిసరి. లైసెన్సు లాటరీ దరఖాస్తులు ఏప్రిల్ మొదట్లోనే అయిపోతాయి. ఒక మగ ఎల్క్ నుంచి వంద కిలోల చుట్టూ మాంసం వస్తుంది, దాన్ని వదిలేసి రావడం కూడా అక్కడ నేరమే. అందరూ రైఫిల్ బరువు గురించే మాట్లాడతారు, ఆ వంద కిలోల గురించి ఎవరూ మాట్లాడరు.

పల్నాడు_రైతు
మాది దుర్గి వైపు. రాత్రయితే పందులు చేలో పడి పొర్లుతున్నాయి. ఇట్లాంటి రైఫిల్ మనకు దొరకదా?

పటమట_షూటర్
మీ బాధ అర్థమవుతోంది అన్నా, కానీ ఆ దారి వద్దు. మన దేశంలో వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పందులు పంట పాడుచేస్తుంటే సెక్షన్ 11 కింద అధికారం ఉన్న అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే చంపడం కుదురుతుంది. ముందు అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి, పంట నష్టం ఫోటోలు తేదీతో సహా జతచేయండి. అదీకాక రైఫిల్ బుల్లెట్ గురి తప్పితే మూడు కిలోమీటర్లు దాటి పోతుంది. మన చేలు బల్లపరుపుగా ఉంటాయి, వెనక కొండ అడ్డం ఉండదు, అవతలి చేలో ఎవరు కావలి పడుకున్నారో చీకట్లో ఏం తెలుస్తుంది?

బ్రాడీపేట_అన్న
రాత్రి తమ్ముడితో మాట్లాడాను. టిక్కా, 6.5 క్రీడ్‌మోర్, తేలిక స్కోప్. మిగిలిన డబ్బు తూటాలకీ రేంజ్ ఫీజుకీ. 500 మాట మానేశాడు, పళ్లెం పరీక్ష మాత్రం చేస్తానన్నాడు. సంక్రాంతికి ఇంటికి వస్తున్నాడు, తుపాకి అక్కడే లాకర్‌లో పెట్టి వస్తాడు.

తెనాలి_వయోమింగ్
మంచి నిర్ణయం. బయల్దేరే ముందు వేటకు వాడిన బ్యాగులు, జాకెట్ జేబులు ఖాళీ చేసి దులపమనండి. మరిచిపోయిన ఒక్క తూటా గన్నవరం విమానాశ్రయంలో దొరికినా ఆయుధాల చట్టం కింద కేసే. వేట బ్యాగుని ప్రయాణాలకి వాడకపోతే ఇంకా మంచిది.